తేజ మిర్చి 'వెరీ హాట్' అవుతుందా, 'టూ హాట్' అవుతుందా?

గుంటూరు మిర్చి వ్యాపారుల ఇంగ్లీషు ఉత్తరాలను దిద్దిపెట్టడం కొన్నేళ్లుగా నాకు అలవాటైన పని. ఆ ఉత్తరాలలో నా కలం ఎక్కువగా ఆగేది వెరీ, టూ, మచ్, క్వైట్ వంటి మాటల దగ్గర, అంటే ఒక గుణం ఏ మేరకు ఉందో చెప్పే క్రియావిశేషణాల దగ్గర. తెలుగులో 'చాలా' ఒక్కటే మోసే బరువును ఇంగ్లీషు నాలుగైదు మాటలకు పంచింది. ఏ బరువు ఏ మాట మీద వేయాలో తెలియకపోవడం వల్లనే ఈ తప్పులలో ఎక్కువ భాగం పుడుతున్నాయి.

సమస్య: మెచ్చుకోలు ఫిర్యాదులా వినిపిస్తోంది

"అవర్ తేజ చిల్లీ ఈజ్ టూ హాట్" అని ఒక ఎగుమతిదారు విదేశీ కొనుగోలుదారుకు రాశారు. సరుకు ఘాటును పొగడడం ఆయన ఉద్దేశం కాగా, చదివేవారికి అది 'మా మిర్చి భరించలేనంత కారం' అని ముందే ఒప్పుకున్నట్టు ఉంటుంది.

కారణం స్పష్టమే. 'టూ' ఎక్కువను చెప్పదు, హద్దు మీరడాన్ని చెబుతుంది. మన మాటల్లో 'టూ గుడ్' పొగడ్తగా స్థిరపడిపోయింది కనుక ఆ తేడా చెవికి తగలదు.

దీనికి పరీక్ష తెలుగులోనే ఉంది. వాక్యంలో 'చాలా' తీసి 'మరీ' పెట్టి చూడండి. గోంగూర పచ్చడి చాలా కారంగా ఉందన్నవారు ఇంకో ముద్ద కలుపుకోవచ్చు, మరీ కారంగా ఉందన్నవారు మాత్రం నెయ్యి గిన్నె కోసం చూస్తున్నట్టే. మీరు చెప్పదలచినదానికి 'మరీ' సరిపోతే టూ రాయాలి, సరిపోకపోతే వెరీ రాయాలి. కాదని చెప్పేటప్పుడు కూడా ఈ పరీక్ష నిలుస్తుంది: "నాట్ టూ హాట్" అంటే 'మరీ అంత కారం కాదు' అనే. మర్యాదకు అనే "యూ ఆర్ టూ కైండ్" వంటి కొన్ని మాటలను మాత్రం ఈ లెక్కలోంచి మినహాయించాలి.

సమస్య: "ఐ వెరీ లైక్ ది కలర్"

'రంగు నాకు బాగా నచ్చింది' అన్నప్పుడు మన 'బాగా' క్రియకు ముందు కూర్చుంటుంది. అదే వరుసను ఇంగ్లీషుకు మోసుకుపోతే ఈ వాక్యం వస్తుంది, కానీ వెరీ నేరుగా క్రియను అంటుకోదు. "ఐ లైక్ ది కలర్ వెరీ మచ్" అని చివరకు చేర్చాలి, లేదా "ఐ రియల్లీ లైక్ ది కలర్" అనాలి. "ఐ లైక్ వెరీ మచ్ ది కలర్" అని క్రియకూ కర్మకూ మధ్య ఇరికించడం కూడా కుదరదు. అన్నట్టు, వెరీ పుట్టింది 'నిజమైన' అనే అర్థం గల పాత ఫ్రెంచి మాట నుంచి. 'నిజంగా' అనే అర్థం ఉన్న రియల్లీ ఈనాడు దాని పనిలో పాలు పంచుకోవడం చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది.

సమస్య: "వెరీ బెటర్", "వెరీ హాటర్"

'సన్నం రకం మిర్చి కంటే తేజ చాలా ఘాటు' అన్నప్పుడు తెలుగులో 'ఘాటు' రూపం మారదు, 'చాలా' కూడా మారదు. ఇంగ్లీషులో హాట్ కాస్తా హాటర్ అయిన క్షణంలోనే వెరీ తప్పుకోవాలి. తేడా పెద్దదైతే మచ్ హాటర్ లేదా ఫార్ హాటర్ అని, స్వల్పమైతే స్లైట్లీ హాటర్ అని రాయాలి.

సమస్య: పర్యాయపదం మార్చాక వాక్యం మరింత వికటించింది

వెరీ పదేపదే వస్తోందని విసిగి, నిఘంటువులో దాని పక్కన కనిపించిన హైలీ, డీప్లీ, అట్టర్లీ, అబ్సల్యూట్లీ వంటి వాటిలో ఏదో ఒకటి తెచ్చి పెట్టేవారు ఉన్నారు. "హైలీ టేస్టీ", "అట్టర్లీ హ్యాపీ" వంటివి అలా పుడతాయి. తీవ్రతను చెప్పే మాటలు ఒకదాని స్థానంలో మరొకటి ఒదిగిపోవు, వాటికి జోడీలు ఉంటాయి. మనం కటిక చీకటి అంటాం, కటిక పేదరికం అంటాం, కటిక వెలుగు అనం. మండుటెండ ఉంది కానీ మండు వెన్నెల లేదు. అలాగే హైలీకి క్వాలిఫైడ్, రికమెండెడ్ జోడీలు. డీప్లీకి గ్రేట్‌ఫుల్ జోడీ, ఉత్తరాలలో క్షమాపణకు వాడే రిగ్రెట్ కూడా జోడీయే. అట్టర్లీ ఎక్కువగా యూజ్‌లెస్ వంటి చెడ్డ గుణాల పక్కన కనిపిస్తుంది. ఎక్సలెంట్, పర్ఫెక్ట్ వంటివి అప్పటికే శిఖరం మీద ఉన్న మాటలు కనుక వాటికి వెరీ నిచ్చెన వేయనక్కరలేదు. నొక్కి చెప్పాలంటే అబ్సల్యూట్లీ పర్ఫెక్ట్ అనవచ్చు. జోడీ తెలియనప్పుడు వెరీనే ఉంచేయమని నా సలహా. అది చప్పగా ఉండవచ్చు కానీ తప్పు కాదు.

క్వైట్ సంగతి వేరు. మే నెలలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు "క్వైట్ హాట్" అని రాస్తే, అమెరికావారు చాలా వేడి అనుకుంటారు, బ్రిటన్‌వారు ఓ మోస్తరు వేడి అనుకునే అవకాశం ఉంది. వ్యాపారపు ఉత్తరంలో దీనిని వదిలేయడమే క్షేమం.

ఇనఫ్ చిక్కు చిన్నది. మన 'తగినంత' ఎప్పుడూ ముందే ఉంటుంది. ఇనఫ్ మాత్రం నామవాచకానికి ముందు, విశేషణానికి తరువాత వస్తుంది: ఇనఫ్ స్టాక్, డ్రై ఇనఫ్.

చివరిది చిన్నదే అయినా నష్టం పెద్దది. కష్టపడి పనిచేస్తామని చెప్పబోయి "వి హార్డ్లీ వర్క్" అని రాస్తే, అసలు పనే చేయమన్నంత అర్థం వస్తుంది. అక్కడ "వి వర్క్ హార్డ్" అనే ఉండాలి.