పాత విమానం తూటా కేస్ దొరికితే ఎట్ల గుర్తుపట్టాలె

కాజీపేటల మా పెదనాన్న వాళ్ళింట్ల దేవుని అర్ర దగ్గర ఒక ఇత్తడి గొట్టం ఉండేది, అండ్ల అగర్‌బత్తీలు గుచ్చెటోళ్ళు. ఇంటర్ల ఉన్నప్పుడు దాన్ని బోర్లించి చూసిన, అడుగున ఏవో అచ్చులు ఉన్నయి కానీ చదవరావట్లేదు, చాక్‌పీస్ పొడి రుద్ది మెల్లగ తుడిస్తే గీతలల్ల తెల్లగ నిలిచి 1943 అని తేలింది. వెర్నియర్ పెట్టి కొలిస్తే పొడుగు 110 మిల్లీమీటర్లు. అది పాత తూటా కేస్, వీటిని గుర్తుపట్టే పిచ్చి నాకు అప్పటిసంది పట్టింది.

కొలుచుడు సంగతి తర్వాత, ముందుగాల ఇది మనసుల పెట్టుకోండ్రి. తుపాకీ మందు నింపే గొట్టం (కేస్) వేరు, దాని ముందు బిగించి ఉండే గుండు (షెల్) వేరు. కేస్‌కు రంధ్రం ఉందంటే లోపల తుపాకీ మందు తీసేసిన్రు అని మాత్రమే అర్థం, షెల్ల పేలుడు పదార్థం ఉందా లేదా అన్నది ఆ రంధ్రం చెప్పదు. విమానం తూటాలల్ల చానా వాటికి షెల్ మూతికి దాన్ని పేల్చే ఫ్యూజ్ ఉంటది, పేల్చినంక కూడా పేలకుండ మిగిలిన షెల్ అన్నిటికన్న డేంజర్. రంగు చూసి నమ్మొద్దు, ఎవరైనా మళ్ళ పెయింట్ కొట్టొచ్చు. కేస్ అడుగు నడుమ మందును అంటించే చిన్న బిళ్ళ (ప్రైమర్) మీద సొట్ట ఉంటే పేలిపోయింది అనుకుంటరు, సొట్ట పడ్డా పేలనివి ఉంటయి, కరెంటుతోని పేలే ప్రైమర్లకైతే అసలు సొట్టే పడదు. విప్పుడు, డ్రిల్ కొట్టుడు, వేడి చేసుడు ఏదీ ఒద్దు. భూమిల దొరికినా, పాత సామాన్ల దుకాణంల కనిపించినా, షెల్ తోని ఉన్నదైతే ముట్టకుండ దూరం జరిగి 100కు గానీ 112కు గానీ ఫోన్ కొట్టుండ్రి.

చట్టం సంగతి కూడా చెప్తా. 1959 ఆయుధాల చట్టంల తూటా అంటే దాని భాగాలు కూడా వస్తయి, అందుకే ఖాళీదే కదా అని కొనుక్కునే ముందు పోలీసు కమిషనరేట్ల లైసెన్సులు చూసే సెక్షన్ల అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోండ్రి. విమానం ఎక్కేటప్పుడు బ్యాగుల ఒక్క ఖాళీ కేస్ ఉన్నా స్కానింగ్ దగ్గర ఆపేస్తరు.

ఇగ గుర్తుపట్టుడు. 20×110 అని రాస్తే మొదటిది గుండు సైజు, రెండోది కేస్ పొడుగు, రెండూ మిల్లీమీటర్లే. రెండో ప్రపంచ యుద్ధంల బ్రిటిషోళ్ళ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలల్ల పెట్టిన హిస్పానో తుపాకీది 20×110. జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109 విమానంల వాడిన ఎమ్‌జీ 151/20 తుపాకీది 20×82, దానికన్న ముందటి ఎమ్‌జీ ఎఫ్ఎఫ్‌ది 20×80, ఎమ్‌కే 108ది 30×90. రష్యా ష్వాక్ తుపాకీది 20×99, దాని అడుగు అంచు బయటికి పొడుచుకొని వస్తది.

చానా మంది మోసపోయేది 110 దగ్గరనే. ఓడల మీద పెట్టే ఓర్లికాన్ తుపాకీ కేస్ కూడా 110 మిల్లీమీటర్లే ఉంటది, అది విమానంది కాదు. తేడా అడుగున చూడాలె, ఓర్లికాన్‌కు అడుగు అంచు ఒంటికన్న సన్నగ లోపలికి పోయి ఉంటది, హిస్పానోకు అంచు ఒంటితోని దాదాపు సమానం. మూతి దగ్గర భుజం కూడా హిస్పానోకే తెలుస్తది, ఓర్లికాన్ కింది నుంచి పైకి సన్నబడుకుంట పోతది.

అయస్కాంతం పెట్టి చూడుండ్రి, అంటుకుంటే స్టీల్, యుద్ధంల జర్మనోళ్ళు ఇత్తడి మిగిల్చుకునేందుకు స్టీల్ కేసులు మస్తు చేసిన్రు. అచ్చులల్ల తయారుచేసినోళ్ళ పేర్లు ఉంటయి, కె అంటే బ్రిటిష్ కంపెనీ కైనాక్, జీబీ అంటే ఇంకో బ్రిటిష్ కంపెనీ గ్రీన్‌వుడ్ అండ్ బాట్లీ, కెఎఫ్ అంటే మన పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ. 30×113 అయితే అది యుద్ధకాలంది కాదు, తర్వాత హంటర్, జాగ్వార్ విమానాలల్ల వచ్చిన ఏడెన్ లాంటి తుపాకులది.

హిస్పానో కేస్ చూస్తే నాకు మన నిజాం పైసలే యాదికొస్తయి, ఆయన ఇచ్చిన విరాళానికి గుర్తుగనే బ్రిటిషోళ్ళ వైమానిక దళం ఆర్‌ఏఎఫ్‌ల 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అని పేరు పెట్టిన్రు, 1943 ఆఖరుకు ఆ స్పిట్‌ఫైర్లు బర్మా దిక్కు వచ్చినయి.

కేస్ దొరికినంక పెంబర్తి బొమ్మ లెక్క మెరిపియ్యాలె అనిపిస్తది, ఒద్దు. మా పెద్దమ్మ పండుగ పండుగకు చింతపండు పెట్టి తోమేది, అందుకే ఆ అచ్చులు గంత అరిగిపోయినయి. పొడిబట్టతోని తుడిచి, ఏడ దొరికింది, ఎవరిచ్చిన్రు, కొలత ఎంత అని చీటీ రాసి దారంతోని కట్టుండ్రి, పోలీసోళ్ళ కాగితం జిరాక్స్ కూడా అదే డబ్బాల పెట్టుండ్రి.