డెల్టాలో అంధుల సంఘం పెట్టాలంటే

పింఛను కోసం పెట్టిన సంఘం పింఛను రాగానే ఖాళీ అవుతుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పనులు ఎలాగూ తప్పవు. మీ ఊరి సచివాలయానికి వెళ్లి చేయించుకోండి. కానీ వచ్చినవాళ్లు వచ్చే నెల కూడా రావాలంటే వాళ్ల చేతిలో ఒక పని ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెలే ఏదో ఒకటి అప్పజెప్పండి: పదిమందికి ఫోన్ చేసి సమావేశం గుర్తుచేయడమైనా సరే.

చోటు చూసేటప్పుడు హాలు కంటే దారి ముఖ్యం. ఆర్టీసీ బస్సు దిగి నడిచి చేరేలా, మధ్యలో పిట్టగోడ లేని కాలువ వంతెన తగలకుండా చూసుకోండి. ఆదివారం ఖాళీగా ఉండే బడి చాలు. మొదటిరోజు ప్రసంగాలు పెట్టకుండా బస్టాపు నుంచి గుమ్మం దాకా అందరినీ రెండుసార్లు నడిపించండి. గుర్తులు ఏడాది పొడుగునా ఉండేవే చెప్పాలి. కాలువ లాకు దగ్గర నీళ్ల హోరును గుర్తుపెట్టుకున్నవాళ్లు వేసవిలో కాలువలు కట్టేశాక దారి తప్పుతారు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతలప్పుడు తారురోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. రోజూ కర్రకు తగిలే రోడ్డు అంచు అప్పుడు దొరకదు, తెలియకుండానే నడిరోడ్డు మీదికి జరిగిపోతాం. ఆ రోజుల్లో ఒక ఊరివాళ్లంతా ఒకే బస్సుకు రావడం మేలు.

తెల్లకర్ర నిలబెడితే రొమ్ము ఎముక దాకా రావాలి. భుజాల కంటే కాస్త వెడల్పుగా తిప్పుతూ, ఎడమకాలు ముందుకు వేసినప్పుడు కుడివైపు తాకించాలి. కాలువ గట్టు మీద కర్రతో తట్టుకుంటూ పోతే రెండు తాకిళ్ల మధ్య అంచు తప్పిపోతుంది. మొనను నేలకు ఆనించే ఈడ్చాలి. వానాకాలం ఆ మొనకు బురద పట్టేసి కర్ర కదలదు. అప్పుడు తోడు వచ్చినవాళ్ల మోచేతికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనక నడవండి. వాళ్లు మన చెయ్యి పట్టుకుని లాగకూడదు.

తోడొచ్చిన అమ్మానాన్నల్ని వరండాలో కూర్చోబెట్టండి. లోపల ఉంటే కొడుకుని అడిగినదానికి తల్లే జవాబు చెప్పేస్తుంది. సభ మొదట్లో అందరిచేతా వరుసగా పేర్లు చెప్పించండి, ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. ప్రతిసారీ పేరు చెప్పుకునే మాట్లాడాలి. చేతులెత్తే ఓటు మనకు పనికిరాదు. గుట్టుగా ఓటు వేయాలంటే ఒక్కొక్కరికి ఒక చింతపిక్క, ఒక గులకరాయి ఇవ్వండి. పిక్క ఔను, రాయి కాదు. ఒకటి ఓటు సంచిలో, మిగిలింది రెండో సంచిలో వేస్తారు. డబ్బా వద్దు, చప్పుడుకు గుట్టు బయటపడుతుంది.

తీర్మానాలు ఫోన్‌లో రికార్డు చేయడంతో పాటు బ్రెయిల్‌లోనూ రాయాలి. బ్రెయిల్ స్లేటులో (గళ్ల చట్రంలో) కాగితం బిగించి మొనతో కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడిస్తేనే, కాగితం తిప్పాక ఎడమ నుంచి చదవగలం. నోటుబుక్కు కాగితం పలచన, చుక్కలు అణిగిపోతాయి. మందపాటి బ్రెయిల్ కాగితమే కొనండి. మన వాతావరణంలో చెమ్మ ఎక్కువ కాబట్టి దొంతర పెట్టకుండా రేకుపెట్టెలో నిలువుగా సర్దండి. రిజిస్టరు కాపీని తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉన్న కంప్యూటర్‌లో టైపు చేయొచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

డబ్బు ఇద్దరు పైకి చెబుతూ లెక్కపెట్టాలి. కొత్త నోట్లలో 50, 100, 200, 500 అన్నీ 66 మిల్లీమీటర్ల వెడల్పే. పొడవులో 100కీ 200కీ, 200కీ 500కీ తేడా 4 మిల్లీమీటర్లే. విలువ తడిమి తెలుసుకునేందుకు అంచుల్లో వేసిన ఉబ్బెత్తు గీతలు నలిగిన నోటు మీద తెలియవు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నోటు విలువ చెబుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు.

రిజిస్ట్రేషన్ పెద్ద పని కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులు చూపులేనివాళ్లవేనని నియమావళిలో రాసుకోండి; సాయం చేసేవాళ్లకు సభ్యత్వం ఇవ్వొచ్చు, ఓటు వద్దు. చూపున్న మనిషి సంతకం లేనిదే చెక్కుబుక్కు ఇవ్వం అని బ్యాంకువాళ్లు మనలో ఎవరికైనా చెబితే, 2008 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రింటు చూపించండి. చూపులేనివాళ్లకు చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు ఏవీ కాదనకూడదని అందులో ఉంది. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ పేర్ల జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. చాలా సంఘాలు ఇక్కడే బద్ధకిస్తాయి, కోశాధికారి మారినప్పుడు ఖాతాలో సంతకం మార్పించలేక ఇరుక్కుంటాయి.