సమ్మర్ ఇంటర్న్‌షిప్ పాఠాలు – 4: కాంప్స్ పట్టిక వేయడం

పోయిన పాఠంలో వార్షిక నివేదిక తిరగేసి ఆదాయం, ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం), అప్పులు ఏ పేజీల్లో ఉంటాయో చూశాం. ఇప్పుడు ఆ అంకెలతో కాంప్స్, అంటే సాటి కంపెనీల పోలిక పట్టిక, వేద్దాం. ఏప్రిల్‌లో ముంబై బీకేసీ (బాంద్రా-కుర్లా కాంప్లెక్స్)లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్‌గా చేరితే చాలామందికి మొదటి వారంలోనే వచ్చి పడే పని ఇది. "హాస్పిటల్ సెక్టార్ కాంప్స్ లాగి పెట్టు, రాత్రికి కావాలి" అంటారు. అంతకుమించి చెప్పరు.

మన ఊళ్లో స్థలం రేటు తెలియాలంటే పక్క ప్లాటు ఎంతకు పోయిందో అడుగుతాం కదా, ఇదీ అంతే. అదే వ్యాపారంలో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు మార్కెట్ ఎంత కడుతోందో చూసి, మన కంపెనీ ఎంత చేస్తుందో అంచనా వేస్తాం. కాకపోతే ఆ పక్క ప్లాటు రోడ్డు మీదిదా, సందులోదా అని కూడా చూడాలి. అపోలోకు ఆస్పత్రులతో పాటు పెద్ద మందుల వ్యాపారం ఉంది. రెయిన్‌బో ప్రధానంగా పిల్లలకు, ప్రసూతికి సంబంధించిన ఆస్పత్రి. రెండింటినీ ఒకే వరుసలో పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ ఎందుకు పెట్టారో మీ దగ్గర జవాబుండాలి. ఎవరిని ఎవరితో పోల్చాలో తోచకపోతే, ఆ రంగంలో ఐపీఓకి వచ్చిన కంపెనీ పత్రం సెబీ సైట్‌లో తెరవండి. ఆఫర్ ధరకు ఆధారాలు చెప్పే అధ్యాయంలో సాటి కంపెనీల పట్టిక సాధారణంగా ఉంటుంది.

ఇక లెక్క. తాకట్టులో ఉన్న పొలం కొంటే అప్పు కూడా మన నెత్తినే పడుతుంది. అందుకే షేర్ల మార్కెట్ విలువ ఒక్కటే చూడం. దానికి అప్పు కలిపి, అనుబంధ సంస్థల్లో బయటివాళ్ల వాటా ఉంటే అదీ కలిపి, చేతిలో ఉన్న నగదు తీసేస్తాం. ఇదే ఎంటర్‌ప్రైజ్ వాల్యూ, ఆఫీసు మాటలో ఈవీ. దాన్ని ఎబిటాతో భాగిస్తే మల్టిపుల్ వస్తుంది.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. షేరు ధర 420 రూపాయలు, షేర్లు 12 కోట్లు. మార్కెట్ విలువ 5,040 కోట్లు. అప్పు 900 కోట్లు, నగదు 300 కోట్లు, బయటివాళ్ల వాటా లేదు. ఈవీ 5,640 కోట్లు.

ఎబిటా దగ్గర కొంచెం ఆగాలి. మనం 2025 ఏప్రిల్‌లో కూర్చున్నామనుకోండి. మార్చి ఫలితాలు ఇంకా రాలేదు. చేతిలో ఉన్న పూర్తి సంవత్సరం 2024 మార్చిది, అంటే ఏడాది పాతది. అందుకని చివరి 12 నెలల అంకె మనమే కట్టుకోవాలి. పాత పూర్తి సంవత్సరం 410 కోట్లు. దానికి 2024 డిసెంబర్‌తో ముగిసిన తొమ్మిది నెలలవి 345 కలపండి, అంతకుముందు ఏడాది అవే తొమ్మిది నెలలవి 295 తీసేయండి. 460 కోట్లు వస్తాయి. 5,640ని 460తో భాగిస్తే 12.3 రెట్లు.

ఈ 12.3 తప్పు. ఎందుకో చూపిస్తాను, ఈ పాఠంలో అసలు విషయం ఇదే.

2019 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర లీజుల లెక్క ఎలా రాయాలో చెప్పే ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం అమల్లోకి వచ్చింది. అంతకుముందు భవనం అద్దె మామూలు ఖర్చుగా ఎబిటా పైనే తగ్గేది. ఇప్పుడు లీజుల్లో చాలావాటికి ఆ అద్దె తరుగుదల, వడ్డీ రూపంలో ఎబిటా కిందికి పోయింది. అంటే ఖర్చు తగ్గకుండానే ఎబిటా పెరిగింది. దానికి బదులుగా బ్యాలెన్స్ షీట్‌లో లీజు బాకీ అని కొత్త వరుస చేరింది. మన కంపెనీకి ఆ బాకీ 360 కోట్లు, ఏటా కట్టే అద్దె 60 కోట్లు అనుకోండి. అద్దె కనిపించని 460 వాడుకుంటే లీజు బాకీని అప్పులో కలపాలి. అప్పుడు 6,000ని 460తో భాగించి 13.0 రెట్లు. బాకీ వద్దనుకుంటే అద్దె తీసేసి 400 ఎబిటా వాడాలి. అప్పుడు 14.1 రెట్లు. రెండూ సరైనవే. పట్టికలో అన్ని కంపెనీలకూ ఒకే పద్ధతి పెట్టి, కింద ఫుట్‌నోట్ రాయండి. భాగహారంలో పైన ఈవీకి ఒక పద్ధతి, కింద ఎబిటాకు ఇంకో పద్ధతి కలిపితేనే ఆ 12.3 పుడుతుంది. సొంత భవనాలున్న ఆస్పత్రినీ అద్దె భవనాల్లో నడిచే ఆస్పత్రినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఈ తేడా బాగా కొడుతుంది.

నా మొదటి పట్టికలో పోయింది మాత్రం ఇక్కడ కాదు. రాత్రి పదకొండు దాటాక అసోసియేట్ నా ప్రింటవుట్ తీసుకుని, ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క గడి చుట్టూ సున్నా చుట్టి, "ఈ కంపెనీ ఇంత చవకా? నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగాడు. మిగతావన్నీ ఇరవై రెట్ల దగ్గరుంటే అదొక్కటి ఐదు దగ్గరుంది. నేను ఫార్ములాలు మూడుసార్లు వెతికాను. ఒక్క తప్పూ లేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ కంపెనీ మధ్యలో ఒక షేరును ఐదుగా విడగొట్టింది. నేను ధర ఆ రోజుది తీసుకున్నాను, షేర్ల సంఖ్య పాత వార్షిక నివేదికది. మార్కెట్ విలువ ఐదో వంతుకు పడిపోయింది. సిగ్గుతో చెమటలు పట్టాయి. అప్పటినుంచి షేర్ల సంఖ్యను వార్షిక నివేదిక నుంచి కాక, ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన తాజా షేర్‌హోల్డింగ్ వివరాల నుంచే తీస్తాను. ఎసాప్స్ (ఉద్యోగులకు ఇచ్చే షేర్ ఆప్షన్లు) వల్ల రాబోయే షేర్లు దానికి కలుపుతాను.

ఎక్సెల్‌లో రంగుల సంగతి క్లుప్తంగా: చేత్తో కొట్టిన అంకె నీలం, ఫార్ములా నలుపు, వేరే షీట్ నుంచి వచ్చింది ఆకుపచ్చ. నీలం అంకె ప్రతిదానికీ కామెంట్‌లో ఏ పత్రం, ఏ పేజీ అని రాయండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ వీపీ (వైస్ ప్రెసిడెంట్) ఫోన్‌లో "ఈ 900 ఎక్కడిది?" అన్నప్పుడు పది సెకన్లలో జవాబు చెప్పగలగడానికి ఇంకో దారి లేదు. అలాగే ప్రతి కంపెనీకీ కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపిన) అంకెలే తీసుకోండి. ఒకచోట స్టాండలోన్ (ఆ కంపెనీ ఒక్కదానిదే) అంకె దూరితే దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. చివర్లో సగటు కంటే మీడియన్ (వరుసగా పేరిస్తే మధ్యలో వచ్చే అంకె) చూడండి. ఒక్క పిచ్చి అంకె సగటును ఎటో లాక్కుపోతుంది.

ఈ వారం అభ్యాసం. అపోలో, కిమ్స్, రెయిన్‌బో మూడింటికీ 2025 ఏప్రిల్ మొదటి వారం ధరలతో పట్టిక వేయండి. కిమ్స్ దగ్గర జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో 10 రూపాయల ముఖ విలువ షేరును 2 రూపాయలవిగా విడగొట్టారు. 2024 మార్చి నివేదికలో సుమారు 8 కోట్ల షేర్లే కనిపిస్తాయి. లీజు బాకీ కలిపి ఒక వరుస, కలపకుండా (ఎబిటాలో అద్దె తీసేసి) ఒక వరుస వేయండి. మూడింట్లో ఏ కంపెనీ మల్టిపుల్ ఎక్కువగా కదిలిందో, ఎందుకు కదిలిందో రెండు వాక్యాల్లో రాసి దగ్గర పెట్టుకోండి. అయిదో పాఠంలో ఆ పట్టికనే తీసుకుని పిచ్‌బుక్ (క్లయింట్‌కు చూపించే ప్రెజెంటేషన్)లో ఒక పేజీగా మారుద్దాం.