స్పానిష్‌లో కారణం అడగడం, చెప్పడం: తప్పులు, దిద్దుబాట్లు

సమస్య: రాసిన ప్రశ్న జవాబులా కనిపిస్తోంది.
కారణం: ప్రశ్నకు 'పోర్ కే' (ఎందుకు) అని రెండు మాటలు, చివరి అచ్చు మీద వాలుగీత. జవాబుకు 'పోర్కె' (ఎందుకంటే) ఒకే మాట, గీత ఉండదు. ప్రశ్నలో 'కే' మీద ఊనిక పడుతుంది, జవాబులోని పోర్కెను ఊనిక లేకుండా పలుకుతారు.
పరిష్కారం: ఆ చోట 'పోర్ కే రసోన్' (ఏ కారణం వల్ల) పెట్టి చూడండి. అర్థం కుదిరితే రెండు మాటలుగా, గీతతో రాయాలి. ప్రశ్న గుర్తు లేని 'నో సే పోర్ కే నో బీనో' (ఎందుకు రాలేదో తెలీదు) లాంటి వాక్యాల్లోనే చాలామంది గీత వదిలేస్తారు. ఫోన్ కీబోర్డులో ఆ అచ్చును నొక్కి పట్టుకుంటే గీతతో ఉన్నది వస్తుంది.

సమస్య: కారణంతో మొదలైన వాక్యం ఎబ్బెట్టుగా ఉంది.
కారణం: 'వాన పడుతోంది కాబట్టి బయటికి వెళ్ళలేదు' అని కారణం ముందు చెప్పడం మనకు అలవాటు. అదే వరసలో 'పోర్కె యోబీఅ, నో సలీమొస్' అనేస్తాం. పోర్కె మామూలుగా ఫలితం తర్వాతే వస్తుంది.
పరిష్కారం: 'కోమొ యోబీఅ, నో సలీమొస్'. ఈ కోమొకు గీత పెట్టకండి, పెడితే 'ఎలా' అవుతుంది. మధ్యలో కామా ఉండాలి. ఎవరైనా 'పోర్ కే?' అని అడిగితే మాత్రం జవాబు పోర్కెతో మొదలుపెట్టవచ్చు, అక్కడ కోమొ పనికిరాదు.

సమస్య: 'పోర్కె లా యూబియ' తప్పంటున్నారు.
పోర్కె తర్వాత క్రియ ఉన్న వాక్యం రావాలి. ఒట్టి నామవాచకమైతే 'పోర్ లా యూబియ' (వాన వల్ల) చాలు. మేలు జరిగితే 'గ్రాసియస్ ఆ', నింద వేయాలంటే 'పోర్ కూల్ప దె'.

సమస్య: 'కాదు' ఉన్న వాక్యం అర్థం తిరగబడింది.
దీన్ని కాస్త నిదానంగా చూడాలి. 'నో బీనె పోర్కె ఎస్తాబ ఎన్ఫేర్మొ' అంటే ఒంట్లో బాగాలేక రాలేదని. 'నో బీనె పోర్కె ఎస్తుబియేర ఎన్ఫేర్మొ, సినొ పోర్కె కెరీఅ బేర్తె' అంటే వచ్చాను, కానీ ఒంట్లో బాగాలేక కాదు, నిన్ను చూడాలని. 'నో' వచ్చినదాన్ని కాదనడం లేదు, కారణాన్ని కాదంటోంది. అలాంటప్పుడు పోర్కె తర్వాతి క్రియ సబ్‌జంక్టివ్‌లోకి (నిజమని చెప్పని విషయానికి వాడే క్రియారూపంలోకి) మారాలి. అసలు కారణం 'సినొ పోర్కె' తర్వాత మామూలు క్రియతో వస్తుంది.

సమస్య: ఆలస్యానికి సంజాయిషీ ఇస్తే మొండిగా వినిపిస్తోంది.
మాటల్లో 'ఎస్ కె' తో మొదలుపెట్టండి: 'ఎస్ కె పెర్దీ ఎల్ ఔతొబూస్' (అంటే, బస్సు తప్పిపోయిందండీ). దరఖాస్తులో, ఉత్తరంలో ఇది వద్దు. అక్కడ 'దెబీదొ ఆ' (ఫలానా దాని వల్ల) రాసి, వెంటనే నామవాచకం పెట్టండి.