కారు స్టార్ట్ కావడం లేదా? ముందు చప్పుడు వినండి

కారు మొరాయించగానే చేయి దానంతట అదే మళ్లీ మళ్లీ తాళం తిప్పుతుంది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపండి. అదే పనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జీ కూడా అయిపోతుంది, ఇంజిన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటార్ వేడెక్కుతుంది, అసలు లక్షణం మరుగున పడుతుంది. రెండోసారి తాళం తిప్పేది వినడానికే తిప్పండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఏసీ, పాటలు ఆపి, అద్దం దించి మరీ వినండి.

తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే. సెల్ఫ్ తిరుగుతోందా, లేదా? తిరగకపోతే లోపం కరెంటు దారిలో ఉంది. ఎప్పటిలాగే చురుగ్గా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ జోలికి వెళ్లనక్కర్లేదు, ఇంధనమో స్పార్కో చూడాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే బాగున్న విడిభాగాలు చెత్తలోకి పోతుంటాయి.

'టకటకటక'మని కొట్టుకుంటోంది, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారుతున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లక్షణం ఇదే. తాళం తిప్పగానే స్టార్టర్ మీది సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతపు స్విచ్) లోపలికి లాక్కుంటుంది. మోటార్ ఒక్కసారిగా వందకు పైగా ఆంపియర్లు లాగబోతుంది. బ్యాటరీ తట్టుకోలేక వోల్టేజీ పడిపోతుంది, సోలినాయిడ్ వదిలేస్తుంది. బరువు తగ్గగానే వోల్టేజీ లేస్తుంది, సోలినాయిడ్ మళ్లీ పట్టుకుంటుంది. ఆ పట్టు విడుపుల చప్పుడే మీకు వినిపించేది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉంటే పని సులువు. కొన్ని గంటలు కదలకుండా ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం, 12కు లోపు అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే ఏడుకో ఎనిమిదికో కుప్పకూలితే ఆ బ్యాటరీ పని దాదాపు అయిపోయినట్టే. మూడు నుంచి ఐదేళ్లు వాడాక అలా జరగడం మామూలే.

అయితే కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్లు, అంటే బ్యాటరీకి వైర్లు కలిసే చోట్లు చూడండి. ఇది నేను మరీ మరీ చెప్పే మాట. ఒకసారి నా కారుకు ఇదే జబ్బు వస్తే మెకానిక్ చూసి బ్యాటరీ మార్చాలన్నాడు, మార్చాం. రెండు వారాలకు మళ్లీ అదే టకటక. అప్పుడు మల్టీమీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ మీది సీసపు మొన నడిమధ్యన, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి, ఇంట్లోవాళ్లను తాళం తిప్పమన్నాను. ఆ రెండింటి మధ్య 0.1 లేదా 0.2 వోల్టులకు మించి రాకూడదు. నాకు ఒక వోల్టు దాటింది. క్లాంపు పైకి మిలమిల మెరుస్తోంది. ఊడదీసి చూస్తే లోపలి గోడంతా బూడిదరంగు పొర, గోళ్ల రంగంత పలచగా. గరుకు కాగితంతో రుద్దితే సీసం తెల్లగా బయటపడింది. బిగించి తాళం తిప్పగానే బండి స్టార్ట్ అయింది. పాత బ్యాటరీకి ఏ లోపమూ లేదు.

ఇదే పరీక్ష ఎర్త్ వైపు కూడా చేయండి. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మొన మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ వైరు తుప్పు పట్టడమో, బోల్టు వదులవడమో జరిగింది.

టెర్మినళ్లు విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస తప్పితే ప్లస్ మీదున్న పానా పొరపాటున బాడీకి తగిలి నిప్పులు చెరుగుతుంది. తెల్లగానో ఆకుపచ్చగానో పేరుకున్న పొడి మీద వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే నురగకట్టి వదిలిపోతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, అది ఆమ్లం.

ఇంకో కారు సాయంతో స్టార్ట్ చేయాలంటే రెండూ 12 వోల్టుల బ్యాటరీలే అయి ఉండాలి. ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్ల కేబుల్ వాళ్ల మైనస్‌కు, దాని రెండో కొస మీ ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. మీ బ్యాటరీ మైనస్‌కు మాత్రం కాదు. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు చివరి కొస తగిలించేటప్పుడు లేచే నిప్పురవ్వకు అంటుకోగలదు. తీసేటప్పుడు ఇదే క్రమం వెనక నుంచి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా ఈ పని అసలు చేయవద్దు.

స్టార్ట్ అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజీ చూడండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా ఉంటుంది. ఇంకా 12 దగ్గరే నిలిచి ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదు, దారిలో మళ్లీ ఆగిపోతారు. చార్జింగ్ బాగానే ఉండి, రాత్రి గడిస్తే చాలు బ్యాటరీ ఖాళీ అవుతుంటే ఏదో ఒకటి దొంగచాటుగా కరెంటు తాగుతోంది. డిక్కీ లైటు ఆరకపోవచ్చు, తర్వాత బిగించిన కెమెరా కావచ్చు. తాళం వేసి అంతా నిద్రపోయాక లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు లోపే ఉంటుంది.

ఒకే ఒక్క 'టక్', తర్వాత నిశ్శబ్దం

లైట్లు మసకబారకుండా ఒక్క టక్ వినిపిస్తే అనుమానం స్టార్టర్ మీదికి పోతుంది. లోపలి కాంటాక్టులు గానీ బ్రష్‌లు గానీ అరిగి ఉండవచ్చు. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు స్టార్టర్ మీద కర్రపిడితో మెల్లగా తట్టితే ఒక్కోసారి తిరుగుతుంది. అది మరమ్మతు కాదు, షెడ్డు దాకా చేరడానికి దొరికిన అవకాశం మాత్రమే.

అసలు చప్పుడే లేదు

ఆటోమేటిక్ అయితే గేరును 'పీ' నుంచి 'ఎన్'కు మార్చి చూడండి. గేరు స్విచ్ అరిగితే ఒకదానిలో పనిచేయకపోయినా రెండోదానిలో పనిచేస్తుంది. మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కండి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో రిమోట్‌లోని చిన్న బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. చాలా కార్లలో రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కితే పనిచేస్తుంది. ఇవేవీ కాకపోతే స్టార్టర్ ఫ్యూజు, రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) చూడండి. హారన్‌కో మరోదానికో అదే నంబరు రిలే ఉంటే మార్చి పెట్టి చూడవచ్చు.

సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. అది కాకపోతే తాళం 'ఆన్' దాకా మాత్రమే తిప్పి చెవి ఒగ్గండి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్ల పాటు సన్నని 'గుయ్'మనే శబ్దం రావాలి, అది ఫ్యూయల్ పంపు. రాకపోతే ముందు దాని ఫ్యూజు, రిలే చూసి, తర్వాతే పంపును అనుమానించండి.

పంపు పలుకుతున్నా అందుకోకపోతే, అందులోనూ ఇంజిన్ వేడెక్కినప్పుడు మొరాయించి చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతుంటే ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్‌ను అనుమానించాలి. పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసి ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజిన్లు అప్పుడు పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పీలుస్తాయి. ఒక్కో ప్రయత్నం పది సెకన్లకు మించకూడదు, మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. అయితే బండి కింద పెట్రోలు కారుతుంటే సెల్ఫ్ జోలికే వెళ్లకండి.

డీజిల్ కార్లలో సిలిండర్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్ లైటు ఆరేదాకా ఆగడం, ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీసేయడం, ఫిల్టర్ మార్చాక లోపల మిగిలిన గాలిని బయటికి పంపడం ముఖ్యం.

రెండు సందర్భాల్లో మాత్రం ఒక్కసారి కూడా మళ్లీ తాళం తిప్పకండి. సెల్ఫ్ ఎప్పటికంటే వేగంగా, బరువే లేనట్టు 'రయ్'మని తిరిగితే వాల్వులను ఇంజిన్‌తో కలిపి నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. ఇంకా తిప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగే ప్రమాదం ఉంది. రెండోది, నీళ్లలో మునిగిన కారు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా అణగదు, ఒక్క తిప్పుకే పిస్టన్‌ను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బ్యాటరీ మైనస్ విప్పేసి, బండిని మరో వాహనం మీదికి ఎక్కించి పంపండి.

మెకానిక్‌కు ఫోను చేసేటప్పుడు "స్టార్ట్ కావడం లేదు" అని మాత్రమే చెప్పకండి. సెల్ఫ్ తిరిగిందో లేదో, ఎన్ని టక్‌లు వినిపించాయో, లైట్లు మసకబారాయో లేదో, పంపు పలికిందో లేదో, ఇంజిన్ వేడిగా ఉందో చల్లగా ఉందో చెప్పండి. వోల్టేజీ కొలిచి ఉంటే ఆ అంకె కూడా చెప్పండి.