జేఈఈ మెయిన్ మ్యాథ్స్ ఆన్సర్లు సరిచూసుకునేటప్పుడు

బెజవాడలోనైనా గుంటూరులోనైనా పరీక్ష అవగానే సెంటర్ గేటు బయట వినపడేది ఒకటే మాట: "పన్నెండోది బీ కదరా?" ఆ ప్రశ్నే దండగ. ముందు ఇద్దరిదీ ఒకే రోజు, ఒకే షిఫ్టో కాదో అడగండి. షిఫ్టు మారితే పేపరే వేరు. ఒకే షిఫ్టయినా ప్రశ్నల వరస, ఆప్షన్ల వరస మనిషికొకలా ఉండొచ్చు. అందుకని లెక్క ఏమిటో చెప్పి, వచ్చిన విలువ చెప్పండి. రఫ్ షీట్లు లోపలే ఇచ్చేయాలి కాబట్టి బయటికి రాగానే 25 లెక్కల్లో గుర్తున్నవి, ముఖ్యంగా ఆప్షన్లు లేకుండా విలువే టైప్ చేసే 5 న్యూమరికల్ ఆన్సర్లు, ఫోన్లో రాసిపెట్టుకోండి. బస్సెక్కాక రాద్దామనుకుంటే సగం కలిసిపోతాయి.

ఆన్సర్ వేరుగా ఉందని వెంటనే గుండెలు బాదుకోవద్దు. ఒకడు 'లాగ్ 8' అంటాడు, ఇంకొకడు '3 లాగ్ 2' అంటాడు, రెండూ ఒకటే. టాన్ ఇన్వర్స్ 2కీ, పై బై 2లోంచి టాన్ ఇన్వర్స్ 1/2 తీసేసినదానికీ తేడా లేదు. అసలు దెబ్బ పడేది వేరేచోట: ఎ, బి విలువలు సరిగ్గానే వస్తాయి, కానీ అడిగింది ఎ + బి. తేడా వస్తే లెక్క మళ్లీ చేసేముందు అడిగిందేమిటో గుర్తుచేసుకోండి.

మీరు పెట్టిన ఆన్సర్లు చూపించే రెస్పాన్స్ షీట్ వచ్చాక ఆప్షన్ నంబర్ కాదు, ఒక్కో ఆప్షన్‌కు విడిగా ఉండే ఆప్షన్ ఐడీని ఆన్సర్ కీతో పోల్చాలి. ఆన్సర్ పెట్టి 'మార్క్‌డ్ ఫర్ రివ్యూ'లో వదిలినవీ లెక్కలోకి వస్తాయి, తప్పయితే 1 మార్కు పోతుంది కూడా. కీ మీద అభ్యంతరానికి ప్రశ్నకు 200 రూపాయలు, తిరిగి రావు. లెక్చరర్‌తో స్టెప్పులన్నీ చూపించుకున్నాకే కట్టండి.