ఊపిరి మందుల పాఠాలు - 4: మింగకూడని క్యాప్సూల్

పోయిన పాఠంలో స్ప్రే ఇన్‌హేలర్‌ని నెమ్మదిగా పీల్పించడం నేర్చుకున్నాం. ఇవాళ రోటాహేలర్, అంటే క్యాప్సూల్‌లోని పొడి మందును నోటితో పీల్చే చిన్న గొట్టం. ఆ అలవాటు దీనికి పనికిరాదు. స్ప్రేలో మందును గ్యాస్ తోస్తుంది. ఇందులో తోసేదేమీ లేదు, పొడిని లాక్కోవాల్సింది రోగి ఊపిరే. ఒక్క దమ్మున, గట్టిగా, లోతుగా లాగాలి.

ముందు నా తప్పు చెప్తా. కడపలో డ్యూటీలో చేరిన కొత్తలో, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో పనిచేసిన ఒక పెద్దాయనకు క్యాప్సూళ్ల డబ్బా, రోటాహేలర్ చేతిలో పెట్టి “పొద్దునొకటి, రాత్రికొకటి” అని పంపేశా. వారానికల్లా అవే పిల్లికూతలతో వచ్చాడు.

“మందు వాడుతాండారా పెద్దాయనా?”

“ఒక్క పూట తప్పలేదమ్మా. నీళ్లతో మింగుతాండా.”

రోటాహేలర్‌తో మనవడు ఆడుకుంటున్నాడట!

అందుకే మాటతో చెప్పి వదలొద్దు, మన ముందే చేయించాలి. చేతులు పొడిగా ఉండాలి. సంగటి తిని కడిగిన చెయ్యైతే ఆరేదాకా ఆగండి, తడి తగిలితే పొడి ముద్దకడుతుంది. వాడేముందే క్యాప్సూల్ బయటికి తీసి, రంగులేని కొన కిందికి ఉండేలా చదరపు రంధ్రంలో నొక్కండి. అడుగు భాగాన్ని పూర్తిగా తిప్పితే క్యాప్సూల్ రెండు ముక్కలవుతుంది. విడిందో లేదో కంటితో చూడండి.

ఇక పీల్చడం. ముందు ఊపిరంతా బయటికి వదలాలి, గొట్టంలోకి మాత్రం కాదు. చాలామంది తప్పేది ఇక్కడే. తర్వాత పెదవులు బిగించి లాగి, పది సెకన్లు బిగబట్టాలి. లోపల పొడి మిగిలితే మళ్లీ పీల్పించండి.

అందులో స్టెరాయిడ్ ఉంటే నోరు పుక్కిలించి ఉమ్మించాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఊపిరి గొట్టాలను వదులుచేసే సాల్బుటమాల్ అయితే చేతులు వణకొచ్చు, గుండె దడ రావొచ్చు. ముందూ తర్వాతా నాడి, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం రాయండి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసంలో ఉన్న మనిషికి ఇది ఇచ్చి కూర్చోవద్దు. పొడిని లాగే బలం అప్పుడు ఉండదు. డాక్టర్‌ని పిలిచి, మందును సన్నని తుంపరగా మార్చి ఇచ్చే నెబ్యులైజర్ సిద్ధం చేయండి. దాని సంగతి అయిదో పాఠంలో.

ఈలోపు ఒక పని: మీ వార్డులో పాత రోగి ఒకరిని “ఎట్లా పీలుస్తారో చూపండి” అని అడిగి, నోరు మెదపకుండా చూడండి.